ఒక పక్కకే వంగే గుర్రాన్ని తిన్నగా నడిపించడం: నా అనుభవం

మా గౌరి కుమ్మైతు రంగు మార్వారీ ఆడగుర్రం. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో మార్గశిర మాసంలో జరిగే మాళేగావ్ ఖండోబా జాతరలో దానిని కొన్నాము. దాని వయసు ఏడేళ్ళుంటుందని పళ్ళు చూసి చెప్పారు. అంతకుముందు అది పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రం. మాది దెగ్లూర్ తాలూకాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ మాట్లాడుకునే కుటుంబం. చేలు చూసి రావడానికి, తెల్లవారుజామున కాసేపు సవారీ చేయడానికి నెమ్మదైన గుర్రం కావాలనుకున్నాము. నెమ్మదితనంలో గౌరికి వంక పెట్టడానికి లేదు. అయితే ఎక్కి నడపడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే అది ఎడమ వైపు తిరిగినంత సులువుగా కుడి వైపు తిరగలేదని అర్థమయింది.

ఈ మాట విన్నవాళ్ళందరూ కుడి వైపు మొండికేస్తోందని అన్నారు. రెండు వైపులా అది చేస్తున్న పనిని పక్కపక్కన పెట్టి చూస్తే మొండితనమనే మాట సరిపోలేదు. ఎడమకు తిప్పినప్పుడు మెడను అవసరానికి మించి లోపలికి వంచేది, కాని ఒళ్ళు మాత్రం కుడి భుజం మీదుగా బయటికి జారిపోయేది. కుడికి తిప్పినప్పుడు తల ఎడమకే పెట్టుకుని, కుడి భుజం మీద బరువంతా వేసి, వలయం లోపలికి ఒరిగిపోయేది. ఎటు తిరిగినా కుడి పగ్గం చేతిని లాగేసేంత బరువుగా ఉండేది, ఎడమ పగ్గంలో అసలు పట్టే ఉండేది కాదు. వెనక నిలబడి చూస్తే ఎడమ వెనుక కాలు ముందు కాలి జాడలో పడకుండా ఒక బెత్తెడు ఎడమకు తొలగి పడేది. అంటే సులువుగా తిరుగుతుందనుకున్న ఎడమ వైపు కూడా అది సరిగా తిరగడం లేదు. ఆ వైపు తప్పు రౌతు చేతికి తెలియదు కాబట్టి మంచి వైపు అనిపిస్తుంది, అంతే.

కంటికి అనిపించినది నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో మేకు పాతి, దానికి పది మీటర్ల తాడు కట్టి, తాడు కొసన ముగ్గుపిండితో 20 మీటర్ల అడ్డుకొలత వచ్చే వలయం గీశాము. పక్కనే తిన్నని గీత ఒకటి గీశాము. నేల మీద పళ్ళ దంతె ఆడించి, గౌరిని గీతల వెంట మామూలు నడకన నడిపించి, దిగి డెక్కల జాడలు చూశాము. ఎడమ వలయం గుడ్డు ఆకారంలో బయటికి సాగింది. కుడి వలయం ప్రతి చుట్టుకూ కుంచించుకుపోయింది. తిన్నని గీత మీద వెనుక డెక్కల జాడలు ఎడమ పక్కన విడిగా కనబడ్డాయి. ఆ తరువాత కొన్ని వారాలకొకసారి ఇదే పరీక్ష చేస్తూ వచ్చాము. రౌతు మనసుకు ఈ రోజు బాగానే ఉందనిపించడం వేరు, మట్టిలో పడిన జాడ వేరు. గుర్రం పని చేసేవాళ్ళకు ముగ్గుపిండి, దంతె తప్పకుండా అందుబాటులో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా పెద్దనాయన ఆ జాడలు చూసి, "దాపటి ఎద్దును వలపటికి కడితే మడక వంకర పోదా కొడుకా, గట్లనే ఇది గూడ," అన్నాడు. ఏళ్ళ తరబడి కాడికి ఎడమ పక్కనే నడిచిన ఎద్దు కుడి పక్కకు మారిస్తే తడబడుతుంది. అది బుద్ధి లోపం కాదు, ఒంటికి పడిన అలవాటు. పెళ్ళి గుర్రాల అలవాటు కూడా అటువంటిదే. వాటిని ఎప్పుడూ ఎడమ పక్కన నిలబడే పట్టుకుంటారు, ఎడమ పక్కనుంచే ఎక్కుతారు, ఎడమ పక్కనుంచే దింపుతారు. ఎడమ తుంటికి కత్తి వేలాడే సైనికులకు ఆ వైపునుంచి ఎక్కడమే వీలు కాబట్టి ఈ ఆచారం పుట్టిందని చెబుతారు. డప్పుల మోతలో, జనం నడుమ, పక్కనున్న మనిషి వైపే తల తిప్పుకుని గంటల తరబడి నిలబడిన గుర్రానికి ఎడమ పక్క కండరాలు కురచబడడంలో వింత లేదు.

అయితే అలవాటు ఒక్కటే కారణం కాదు. గుర్రాలు పుట్టుకతోనే ఎంతో కొంత ఒక పక్కకు మొగ్గి ఉంటాయి. నెదర్లాండ్స్‌లో గుర్రప్పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో, దాదాపు సగం పిల్లలు మేసేటప్పుడు ప్రతిసారీ ఒకే ముందు కాలును చాపుతున్నాయని, పొడవైన కాళ్ళు, చిన్న తల ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువని, దాని వల్ల రెండు ముందు డెక్కలు రెండు తీరులుగా పెరుగుతున్నాయని తేలింది. మనిషి ఎక్కనంత కాలం ఈ మొగ్గు గుర్రానికి పెద్ద ఇబ్బంది కాదు. నిలబడి ఉన్న గుర్రం బరువులో సుమారు 60 శాతాన్ని ముందు కాళ్ళే మోస్తాయి. పైన కూర్చున్న మనిషి బరువు ఎక్కువ భాగం కూడా ముందుకే పడుతుంది. పైగా గుర్రానికి మనిషికున్నట్లు జత్రుక (మెడ కింద భుజానికి పోయే అడ్డ ఎముక) లేదు. ముందు కాళ్ళను ఒంటితో కలిపేది ఎముక కీలు కాదు, కండరాలే. రెండు భుజాల నడుమ 18 జతల పక్కటెముకల గూడు ముందు భాగం కండరాల తొట్టిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఒక వైపు కండరం పట్టు తప్పితే గూడంతా అటు దిగుతుంది. గౌరి విషయంలో అది కుడి భుజం వైపు దిగింది. కుడి పగ్గంలో తెలిసే బరువు నోటి మొండితనం కాదు, ఆ భుజం మీద వాలిన ఒంటి బరువు.

ఇదంతా తెలుసుకున్నా, శిక్షణ మొదలుపెట్టే ముందు నొప్పి ఉందేమో చూడక తప్పదు. కుంటే గుర్రానికి కసరత్తులు చేయించడం క్రూరత్వం. ఉద్గీర్ పశువైద్య కళాశాలలో చూపించాము. డాక్టర్ గారు గట్టి నేల మీద తిన్నగానూ, రెండు వైపులా వలయాల్లోనూ పరుగెత్తించి చూశారు. ముందు కాలు నొప్పిగా ఉంటే అది నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తాకినప్పుడు కిందికి దిగుతుంది. గౌరి తల సమంగానే ఆడింది. కీళ్ళు మడిచి పట్టుకుని వదిలాక కూడా కుంటు కనబడలేదు. జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారుతోందా అని కూడా అడిగారు. అలా జారడం కొన్నిసార్లు వెనుక కాలి కుంటుకు గుర్తని, దాన్ని జీను లోపమని కొట్టిపారేయకూడదని చెప్పారు.

నోరు మాత్రం బాగా లేదు. గుర్రం పై దవడ కింది దవడ కన్నా వెడల్పుగా ఉంటుంది కాబట్టి పై దంతాలు బుగ్గ వైపు, కింది దంతాలు నాలుక వైపు అరగకుండా పదునుదేలుతాయి. గౌరి బుగ్గల లోపల ఆ పదును చేసిన గాట్లున్నాయి. వాటితో పాటు నాలుక మీద, దంతాలు లేని చిగురు మీద పాత మచ్చలున్నాయి. అవి ముళ్ళ కళ్ళెం చేసిన గాయాలు. మన దేశంలో బరువు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1965 నాటి నియమాలు ముళ్ళున్న కళ్ళేన్ని నిషేధించాయి. అయినా గుర్రాన్ని రెండు కాళ్ళ మీద ఆడించడానికి అటువంటివి ఇంకా వాడుతూనే ఉన్నారు. ఈ మాట రాస్తుంటే నాకు కోపం ఆగదు. అటువంటి కళ్ళెం మోసిన గుర్రం పగ్గం నుంచి నోటిని దాచుకోవడం నేర్చుకుంటుంది. ఎడమ పగ్గంలో పట్టు లేకపోవడానికి వంకర ఒక కారణమైతే, ఈ భయం రెండవ కారణం. దంతాలు ఆకురాయితో నున్నగా చేయించి, నోరు మానేవరకు కళ్ళెమే వేయలేదు.

డెక్కల పని మా నాల్‌బంద్ చూశాడు. ఎక్కువ బరువు మోసిన కుడి ముందు డెక్క వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉంది. ఎడమది నిటారుగా, ఇరుకుగా ఉంది. రెండూ ఒకే తీరున కనబడాలని నేను తొందరపడితే ఆయన ఒప్పుకోలేదు. "ఒక్కటే దినం సమానం చేస్తే కీళ్ళు పట్టుకుంటయ్ సాబ్. ఆరు వారాలకోపారి మెల్లగ దెస్తా. ముందు మీరు దాన్ని సక్కగ నడిపించుండ్రి, డెక్క దానంతటదే మారుతది," అన్నాడు. అది నిజం. డెక్క గోడ పై అంచు నుంచి కొన వరకు పెరగడానికి ఏడాది దాకా పడుతుంది. ఒంటి బరువు మారకుండా డెక్క ఒక్కదాన్నే చెక్కితే అది తిరిగి పాత ఆకారానికే వస్తుంది.

ఈ మధ్యలో చుట్టుపక్కల ఊళ్ళ గుర్రపువాళ్ళు చెప్పిన మందు ఒకటుంది. తలను కుడి పక్కకు లాగి, పగ్గాన్ని జీను తంగుకు (పొట్ట కింద బిగించే పట్టెకు) కట్టేసి, గంటసేపు కొట్టంలో నిలబెట్టమన్నారు. రెండు వారాలు అలా కడితే మెత్తబడుతుందని, తమ గుర్రాలన్నిటికీ అలాగే చేశామని చెప్పారు. వాళ్ళు గుర్రాలను ప్రేమించనివాళ్ళు కాదు. పెద్దల నుంచి నేర్చుకున్నదే చెప్పారు. నేను ఆ పని చేయలేదు. మెడ ఒక్కటే గుర్రం కాదు. తలను కట్టేసినప్పుడు మెడ మొదట్లో విరిచినట్టు వంగుతుంది, భుజం ఉన్నచోటే ఉంటుంది లేదా ఇంకా ఎదుటి పక్కకు తోసుకుపోతుంది. సాగదీసి వదలకుండా పట్టిన కండరం నొప్పితో బిగుసుకుంటుందే కాని మెత్తబడదు. బిగువు వదిలిన మరుక్షణం సుఖం దొరకని చోట గుర్రం ఏమీ నేర్చుకోలేదు, ఓర్చుకుంటుంది. సాగదీయడం, వదలడం వంతులవారీగా జరగాలి, అది కదలికలోనే జరగాలి.

దారి చూపినవారు సైన్యంలో గుర్రాల వంటి జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక రిసాల్దార్ గారు. ఆయన మొదటి రోజు గౌరిని ఎక్కనే లేదు, నన్నూ ఎక్కనివ్వలేదు. "పగ్గంతోటి గుంజితె మెడ ఒక్కటే వంగుతది తమ్మీ. భుజాలను జరపాలె, ఎనక కాలును కడుపు కిందికి రప్పియ్యాలె. అది కింద నిలబడి నేర్పినంక మీద కూసుండు," అన్నారు. కళ్ళెం బదులు క్యావసన్ తొడిగాము. ముక్కెముక మీద మెత్తని దిండు ఉండి, నడి ముక్కు మీద తాడు కట్టే కొక్కెం ఉండే పట్టె అది. నోటిని తాకకుండా తలను నేరుగా మలపడానికి దానిని మించినది లేదు.

నిలబెట్టి చేసే పనితో మొదలైంది. గుర్రానికి ఎదురుగా నిలబడి, ముక్కును కుడికి రెండు మూడు వేళ్ళ వెడల్పు మాత్రమే మళ్ళించి, అది దవడ వదులు చేసి తలను కొంచెం కిందికి దించగానే వదిలేయాలి. మెచ్చుకోవాలి. ఎడమకు అడిగితే గౌరి వెంటనే ఇచ్చేది. కుడికి అడిగితే తలను అడ్డంగా వాల్చి, చెవులు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టి, వంగినట్టు నటించేది. రెండు చెవులూ సమాన ఎత్తులో ఉంటేనే అది నిజమైన వంపు. ఈ చిన్న తేడాను పట్టుకోవడానికి నా కంటికి చాలా రోజులు పట్టింది. తరువాత వెనక్కి నడుస్తూ దానిని వలయం మీద నా వెంట రమ్మని, కొరడా కొనతో లోపలి వెనుక కాలిని చూపి, ఆ కాలు పొట్ట నడుమకు అడుగు వేసేలా చేశాము. లోపలి వెనుక కాలు కిందికి వస్తే ఆ వైపు తుంటి దిగుతుంది, పక్కటెముకల గూడు బయటి పక్కకు ఊగుతుంది, మెడ తనంతట తాను ముందుకు, కిందికి చాచుకుంటుంది. మొదటిసారి కుడి వైపు అలా మెడ చాచి ముక్కు చీదినప్పుడు రిసాల్దార్ గారు తాడు వదిలేసి, ఈ రోజుకు చాలన్నారు.

కుడి వైపు ఎక్కువ పని చేయించాలా అనే ప్రశ్న ఇటువంటి గుర్రం ఉన్న ప్రతివారికీ వస్తుంది. మా అనుభవంలో సులువైన ఎడమ వైపు మొదలుపెట్టి, కుడికి మారి కొద్ది చుట్లు చేసి, మళ్ళీ ఎడమకు వచ్చి, ఇలా తరచుగా మార్చడమే మేలయింది. కుడి వైపు వంతులు ఎక్కువ, ఒక్కొక్క వంతు చిన్నది. బలహీనమైన వైపే పట్టుబట్టి అరగంట తిప్పితే అలసిన కండరం పాత వంకరలోకే పరుగెత్తుతుంది.

నేల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మాది నల్లరేగడి. ఎండాకాలం చేయి దూరేంత నెర్రెలు, వానాకాలం డెక్కకు గంపెడు మట్టి. ఆ నేల మీద సమతుల్యం నేర్పబోతే గుర్రం కాలు విరుగుతుంది. మొరం పోసి తొక్కించి, దాని మీద పలుచగా ఇసుక చల్లి కొంత చోటు తయారు చేసుకున్నాక కాని వలయాల పని సాగలేదు.

జీను వేసి ఎక్కినప్పుడు కుడి వలయమే అసలు పరీక్ష. లోపలికి ఒరుగుతున్న గుర్రాన్ని కుడి పగ్గం లాగి నిలబెట్టబోతే ఆ పగ్గం మీదే ఇంకా వాలుతుంది. మనిషి ఆసరా ఇచ్చినంత సేపు దానికి సొంత కాళ్ళ మీద నిలబడే అవసరం రాదు. రిసాల్దార్ గారు రెండు చేతులనూ కలిపి ఎడమకు జరపమన్నారు. కుడి పగ్గం మెడకు ఆనుతుంది, ఎడమ పగ్గం కొద్దిగా తెరుచుకుంటుంది, నా కుడి కాలు తంగు దగ్గర పక్కటెముకలను ఎడమకు పంపుతుంది. భుజాలు ఒక అడుగు ఎడమకు జరిగిన క్షణంలో కుడి పగ్గం ఉన్నట్టుండి తేలికవుతుంది. ఆ క్షణంలో చేయి ముందుకు ఇచ్చేయాలి, వెంటనే, ఆలోచించకుండా. మొదట్లో ఆ తేలిక రెండు మూడు అడుగులు నిలిచి మాయమయ్యేది. సంక్రాంతి నుంచి హోళీ వరకు మేము చేసినదంతా ఆ రెండు మూడు అడుగులను పావు చుట్టుకు, అరచుట్టుకు పెంచడమే. అదే సమయంలో ఎడమ పగ్గాన్ని గుర్రం తనంతట తాను వెతుక్కునేలా ఆ చేతిని కదలకుండా, మెత్తగా ఉంచాలి. ఖాళీగా ఉన్న పగ్గాన్ని వెనక్కి లాగి పట్టు తెచ్చుకోవడం మోసం. గుర్రమే మెడ చాచి దానిని అందుకోవాలి. హోళీ తరువాత ఒక ఉదయం ఎడమ చేతిలో మొదటిసారి దాని నోటి బరువు తెలిసింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది.

ఎడమ వైపు పని వేరు. అక్కడ మెడను ఇంకా వంచవలసిన పని లేదు, వంపు తగ్గించాలి. వెనుక భాగం ఎడమకు తొలగుతోంది కదా అని దానిని కుడికి తోస్తే గుర్రం తప్పించుకుంటుంది. తోయవలసినది వెనుకను కాదు, ముందు భాగాన్నే తెచ్చి వెనుక కాళ్ళకు ఎదురుగా నిలపాలి. ఇందుకు పనికివచ్చే కసరత్తు షోల్డర్ ఇన్. 18వ శతాబ్దపు ఫ్రెంచి అశ్వశిక్షకుడు ఫ్రాన్స్వా రొబిషోన్ ద లా గెరినియేర్ దీనిని తిన్నని గోడ వెంట చేసే పద్ధతిలో స్థిరపరిచాడు. నేటికీ ప్రపంచమంతటా గుర్రపు శిక్షణకు ఇది ఆధారం. గోడ వెంట నడుస్తున్న గుర్రం భుజాలను మాత్రం సుమారు 30 డిగ్రీలు లోపలికి తెస్తే, లోపలి వెనుక కాలు బయటి ముందు కాలి జాడలో పడుతుంది, ఎదురుగా నిలబడిన వారికి నాలుగు కాళ్ళు మూడు జాడల్లో కనబడతాయి. మాకు గోడ లేదు, కంది చేను కంచె ఉంది. దాని వెంట ఎడమకు షోల్డర్ ఇన్ చేసినప్పుడు పక్కకు పారిపోయే ఎడమ వెనుక కాలు పొట్ట కిందికి వచ్చి బరువు అందుకోక తప్పలేదు. అదే కసరత్తును కుడికి చేసినప్పుడు కురచబడిన ఎడమ పక్క సాగింది. ఒకే కసరత్తు రెండు వైపులా రెండు వేరు వేరు లోపాలను దిద్దుతుందని గ్రహించినప్పుడు ఆ పాత శిక్షకుల మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది. కోణం మరీ పెంచితే గుర్రం కాళ్ళు అడ్డం వేసుకుని పీతనడక నడుస్తుంది, బరువు మోయదు. అందుకని మొదట భుజాలు అరచెయ్యి వెడల్పు లోపలికి వస్తే చాలనుకున్నాము.

గుర్రాన్ని ఇంతగా పరీక్షించాక పైనున్న మనిషిని కూడా పరీక్షించాలి. నన్ను వెనకనుంచి సెల్‌ఫోనులో వీడియో తీయించాము. నా కుడి భుజం కిందికి దిగి, నడుము కుడి పక్క ముడతపడి ఉంది. జీను రికాబు తోళ్ళను విప్పి పక్కపక్కన వేలాడదీస్తే ఎడమ తోలు పొడవుగా సాగి ఉంది. ఎప్పుడూ ఎడమ రికాబు మీదే బరువు మోపి ఎక్కడం వల్ల అన్ని జీన్లలోనూ ఇలాగే జరుగుతుంది. తోళ్ళను అటుదిటు మార్చుకుంటూ ఉండాలి. అంతకన్నా మంచిది అరుగు మీద నిలబడి ఎక్కడం. అప్పుడు జీను లోపలి చట్రం మూపును పక్కకు లాగదు, వెన్నెముక మెలిపడదు. మేము అరుగును రెండు వైపులకూ జరుపుతూ, వారం విడిచి వారం కుడి పక్కనుంచి కూడా ఎక్కడం అలవాటు చేశాము. కుడి నుంచి ఎక్కడం మొదట్లో నాకే ఎక్కువ కష్టమయింది, గౌరి నిమ్మళంగా నిలబడింది.

దుడ్కి నడకలో మరొక సంగతి తెలిసింది. ఈ నడకలో గుర్రం ఎదురెదురు మూలల కాళ్ళను జతగా వేస్తుంది, రౌతు ఒక జతకు లేచి, ఇంకొక జతకు కూర్చుంటాడు. వలయం మీద బయటి ముందు కాలు ముందుకు సాగినప్పుడు లేవడం పద్ధతి. గౌరి ఒక జత మీద హాయిగా కూర్చోనిచ్చి, ఇంకొక జత మీద ఎగిరేసినట్టు చేసేది. తనకు అలవాటైన జత మీదికే నన్ను తెలియకుండా మళ్ళించేది. పొలం బాట మీద తిన్నగా పోయేటప్పుడు కూడా కరెంటు స్తంభాల మధ్య దూరాన్ని కొలతగా పెట్టుకుని జత మార్చుతూ పోయాము. బాట గురించి కూడా ఒక మాట. మా తారు రోడ్లు నడుమ ఎత్తు, అంచులు పల్లం. ఎప్పుడూ ఎడమ అంచునే నడిచే గుర్రానికి ఎడమ కాళ్ళు ఎప్పుడూ పల్లంలోనే పడతాయి. ట్రాఫిక్ లేని బండ్ల బాటలనే ఎంచుకుని, పోయేటప్పుడు ఒక గాడి, వచ్చేటప్పుడు రెండవ గాడి పట్టించాము.

ఎండాకాలం వెలుగు రాకముందే పని ముగించేవాళ్ళం. అప్పుడు నీలగిరి బాదులను నేల మీద పరచి దాటించాము. వెదురు వాడవద్దు, గుండ్రంగా ఉండి డెక్క కింద దొర్లుతుంది. బాదులకు రెండు వైపులా మట్టి సంచులు ఆనించి, దుడ్కి నడకకు 1.2 మీటర్ల ఎడం పెట్టాము. చూసి, లెక్క చూసుకుని అడుగు వేయవలసి వచ్చినప్పుడు గుర్రం రెండు వెనుక కాళ్ళనూ సమంగా మడుస్తుంది, వీపు పైకి లేస్తుంది. వానలు మొదలయ్యాక నేల పాడై చాలావరకు నిలబెట్టి చేసే పనికే తిరిగి వచ్చాము. ఎద్దులకు చేసే పొలాల పండుగ దాటేవరకు అంతే. ఆ విరామంలో నేర్చినది పోతుందని భయపడ్డాను కాని పోలేదు, క్యావసన్ పనే ఇంకా గట్టిపడింది.

చివరికి తేలినది క్యాంటర్, అంటే దుడ్కి కన్నా వేగమైన పరుగు. కుడి వలయం మీద కుడి ముందు కాలు ముందుండేలా ఎత్తుకోవాలి. గౌరి ప్రతిసారీ ఎడమ కాలే ముందు పెట్టేది, లేదా ముందు కాళ్ళు ఒక తీరు, వెనుక కాళ్ళు ఒక తీరు వేసి తూలేది. వేగం పెంచి విసురుగా తిప్పితే సరైన కాలు ఎత్తుకుంటుందని చెప్పేవారున్నారు. అలా ఎత్తుకున్నది భుజం మీద పడిపోయి ఎత్తుకున్నదే, అందులో సమతుల్యం లేదు. మేము దసరా వరకు ఆగాము. కుడి వలయంలో దుడ్కి నడకన భుజాలను కొద్దిగా లోపలికి తెచ్చి, కుడి పగ్గం తేలికైన క్షణంలో, నా ఎడమ కాలిని కొంచెం వెనక్కి తీసి అడిగాము. దిద్దుబాటు దుడ్కిలో కుదిరితే క్యాంటర్ దానంతటదే కుదురుతుందని రిసాల్దార్ గారు చెబుతూనే ఉన్నారు. గౌరి కుడి కాలు మీద ఎత్తుకుని వలయంలో సగం దూరం చక్కగా పోయింది. ఆపి, దిగి, తంగు వదులు చేశాము.

ఇప్పుడు ముగ్గు గీత మీద వెనుక డెక్కలు ముందు డెక్కల జాడలోనే పడుతున్నాయి, అలసిపోనంత వరకు. అలసినప్పుడు, కొత్త చోట బెదిరినప్పుడు ఎడమ వెనుక కాలు మళ్ళీ పక్కకు పోతుంది. 20 మీటర్ల వలయాలు రెండు వైపులా గుండ్రంగా వస్తున్నాయి, 10 మీటర్ల కుడి వలయం ఇంకా రెండవ చుట్టులోనే చెదురుతోంది. కుడి డెక్క చదును కొంత తగ్గింది, పాత జీను మూపు దగ్గర బిగుతయింది. రెండు పక్కలా కండ పెరిగినందువల్లే అలా జరిగింది కాబట్టి దానిని విప్పి దూది సరిచేయించాము. ఏడాదికొకసారి దంతాలు, ఆరు వారాలకొకసారి డెక్కలు చూపిస్తున్నాము. ప్రతి సవారీకి ముందు కాసేపు క్యావసన్‌తో రెండు వైపులా నడిపించి, ఆ రోజు ఏ భుజం బరువుగా ఉందో చూసుకున్నాకే జీను వేస్తున్నాము. వచ్చే ఎండాకాలానికి కంచె వెంట దుడ్కి నడకలో షోల్డర్ ఇన్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిలపడం మా ముందున్న పని.